ఐదో టేబుల్‌లో లేని దావ

మా ఇంట్లో ‘లేదు’ అనే మాటకు చోటు ఉండేది కాదు. బళ్ళారి బజారులో మా తాత పెట్టిన కిరాణా అంగడి మాది. అడిగిన సరుకు అంగట్లో లేకపోయినా ఆ సంగతి నోటితో అనకూడదు. కందిపప్పు అయిపోతే ‘నిండుకుంది, కొత్త పెసరపప్పు వచ్చింది చూడండి’ అనాలి. నాకు పదేళ్ళప్పుడు కప్పగల్లు నుంచి వచ్చిన ఒక ముసలామె ఉలవలు అడిగితే ‘లేవు’ అనేశాను. మా నాన్న ఆమె ముందు నన్నేమీ అనలేదు. ఆమెకు నచ్చజెప్పి, అలసందలు కట్టిచ్చి పంపాక నా వైపు తిరిగాడు.

“అంగట్లో కూచోని ఆ మాట అనగూడదు పాపా. దానికి దగ్గరిది ఏముండాదో అది చూపియ్యల్ల. వచ్చిన మనిషి వట్టి చేతులతో పోగూడదు,” అన్నాడు.

ఆ మాట నాకు బాగా ఒంటబట్టింది. ఎంతగా అంటే, ఇరవై ఏళ్ళు పోయాక నేను రాసిన ఒక కోడ్‌కు కూడా అదే నేర్పాను. దానివల్ల ఒక పెద్దమనిషి ఉద్యోగం పోయింది. తప్పు నాదని తెలిసి కూడా, ఆ ఉద్యోగం పోతున్నంతసేపూ నేను నోరు మెదపకుండా కూర్చున్నాను. నాకు రాయాలని ఉన్నది ఆ కూర్చోవడం గురించే. మిగిలినదంతా అది అర్థం కావడానికి చెబుతున్నాను.

మా ఆఫీసు చిన్నది. మోటారు విడిభాగాల అంగడి పైన మేడ మీద పదకొండుమందిమి పనిచేసేవాళ్ళం. చుట్టుపక్కల ఆసుపత్రులకు, మిల్లులకు, ల్యాబులకు క్లౌడ్‌లో ఉన్న నెట్‌వర్కును చూసిపెట్టడం మా పని. క్లౌడ్ అంటే మబ్బుల్లో ఏమీ ఉండదు, ఎక్కడో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లు. అక్కడి నుంచి ఏ ఊరికి పోవాల్సిన సమాచారం ఏ వాకిలి గుండా పోవాలో రాసిపెట్టిన పట్టికను రూట్ టేబుల్ అంటారు. కురుగోడుకు పోయేది ఈ వాకిలి, సిరుగుప్పకు పోయేది ఆ వాకిలి అని వరసగా ఉంటుంది. పేరు పెట్టి రాయని వాటన్నిటికీ చివర ఒక బజారు వాకిలి ఉంటుంది. బజారు వాకిలి అంటే ఇంటర్నెట్. ఇంటి సంగతి ఆ వాకిట్లోంచి బయటపడితే చేరాల్సిన చోటికి చేరదు.

ఆ టేబుళ్ళను రోజూ సరిచూసేది ఒక పెద్దాయన. రూపనగుడి మనిషి. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ లైన్ల మీద పనిచేసి, ముందుగానే రిటైరై మా దగ్గర చేరాడు. మా అందరికీ ఆయన ‘అన్న’. రూట్ అనేవాడు కాదు, దావ అనేవాడు. మా వైపు దారిని అలాగే అంటారు. పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, నలభై టేబుళ్ళను ఒక్కొక్కటిగా తెరిచి, తన పొడుగు నోట్‌బుక్‌లో రాసుకున్న వాటితో పోల్చి చూసేవాడు. ఒక్కో లైను కింద రూళ్ళకర్ర పెట్టుకుని చదివేవాడు. దానికి రెండు గంటలు పట్టేది. కంప్యూటరు ముందు రూళ్ళకర్ర పట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే నాకు నవ్వాగేది కాదు.

“ఏమన్నా, ఈ కాలంలో కూడా రూళ్ళకర్రేనా?” అని ఒకసారి అందరి ముందూ అడిగాను.

“ఒగ లైను తప్పితే ఒగరి ఫోను ఇంకొగరింట్లో మోగుతాదమ్మా. నేను చూసినా,” అన్నాడు, తల ఎత్తకుండానే.

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మాటను మూడు రోజులు ఆఫీసంతా అని తిరిగాను. ఎవరి ఫోను మోగినా “అన్నా, ఇది ఎవరింటిదో చూడండి” అనేదాన్ని. ఆయన కూడా నవ్వేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆయన నవ్విందే నాకు ఎక్కువ కష్టంగా ఉంటుంది.

ఆయన రెండు గంటలు చేసే పని కోడ్ చేత చేయించవచ్చని నేను యజమానికి చెప్పాను. చెప్పడమే కాదు, రెండు రోజుల్లో రాసి చూపించాను. టేబుల్ పేరు, పోవాల్సిన చోటి అడ్రసు ఇస్తే, ఆ దావ అందులో ఉంటే ఏ వాకిలికి పోతుందో క్లౌడ్ మనకు చెబుతుంది. లేకపోతే ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆగిపోతుంది. మొదటిసారి నడిపినప్పుడు నా కోడ్ అలాగే ఏడో టేబుల్ దగ్గర ఎర్రగా ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చూడలేదు, యజమానికి ఇంకో గంటలో చూపించాలి. నాకు ఆ ఎరుపు చూస్తే ఒళ్ళు మండింది. అడిగినవాళ్ళ మొహం మీద తలుపు వేసినట్టు అనిపించింది.

అందుకని ఇంకో మాట చేర్చాను. అడిగిన దావ దొరక్కపోతే ఆగిపోవద్దు, ఆ టేబుల్‌లో దానికి పనికొచ్చే దావ ఏదుంటే అది ఇవ్వు. ప్రతి టేబుల్‌లోనూ చివర బజారు వాకిలి ఉండనే ఉంటుంది. కాబట్టి ఎప్పుడూ ఏదో ఒక జవాబు వస్తుంది. నెట్‌వర్కు కూడా నిజంగా అలాగే చేస్తుంది కదా, ప్రత్యేకంగా రాసింది లేకపోతే బజారు వాకిలికే పంపుతుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది నిజమే. కానీ మేం అడుగుతున్న ప్రశ్న అది కాదు. ఈ దావ ఇక్కడ రాసి ఉందా అన్నది మా ప్రశ్న. దానికి నా కోడ్ ఉలవలడిగిన మనిషికి అలసందలు కట్టి ఇస్తోంది. పైగా ఏ వాకిలో చూపించే గడి తెర మీద అందంగా లేదని దాన్ని తీసేసి, పచ్చటి టిక్కు ఒక్కటే ఉంచాను.

నలభై వరసలు, నలభై పచ్చ టిక్కులు, ఒక్క నిమిషం కూడా పట్టలేదు. యజమాని కుర్చీ నా పక్కకు లాక్కుని మూడుసార్లు నడిపించుకుని చూశాడు. ఆయన కన్నడం, తెలుగు కలిపి మాట్లాడతాడు. “బహళ చెన్నాగైతె కణమ్మా,” అన్నాడు. ఆ పొగడ్తకు నా తల పైకప్పుకు తగిలింది. వెనక అన్న తన నోట్‌బుక్ మూసి, రూళ్ళకర్రను సొరుగులో పెట్టుకుంటున్నాడు. అది కూడా చూశాను. చూసి సంతోషపడ్డాను.

తర్వాత రెండు నెలలకు ఒక ల్యాబు పని వచ్చింది. ఊళ్ళలో రక్తం తీసుకునే సెంటర్లు ఉన్న ల్యాబు అది. ఐదు ఊళ్ళ సెంటర్లను పాత లైను నుంచి కొత్త లైనుకు మార్చాలి. ఐదు టేబుళ్ళలో కొత్త దావ ఉందో లేదో చూసి, లేనిచోట రాసి, మధ్యాహ్నం పాత లైను కట్టేసి ఆపేయాలి. రాసే పని అన్న చూసుకోవాలి. ఉందో లేదో చెప్పే పని నా కోడ్‌ది. నడిపాను. మొదటి నాలుగింటిలో కొత్త దావ అన్న అప్పటికే రాసేశాడు, అవి పచ్చగా వచ్చాయి. ఆయన ఇంకా ముట్టుకోని ఐదోది, కురుగోడుది, అది కూడా పచ్చగానే వచ్చింది.

“ఇది నేను రాయలేదే. ఎవురు రాసినారు?” అన్నాడు అన్న.

“ల్యాబువాళ్ళే రాసుకుని ఉంటారు. ఉన్నదాన్ని మళ్ళీ రాస్తే గొడవవుతుంది, వదిలేయండన్నా,” అన్నాను.

“ఒగ తూరి తెరిచి కండ్లతో చూసొస్తా. ఐదు నిమిషాల పని.”

“కోడ్ చెప్పింది కదా. మళ్ళీ కళ్ళతో చూడడం దేనికి? మీరు ఇట్లా ఒక్కొక్కటీ చూస్తూ పోతే నేను అది రాసి లాభమేంది?”

నా గొంతు పెరిగింది. పక్క బల్లలవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆయన నా మొహం ఒకసారి, తెర మీది టిక్కు ఒకసారి చూశాడు. “సరేమ్మా, నువ్వు చెప్తాండావు గదా,” అని లేచాడు. మధ్యాహ్నం పాత లైను కట్టేశారు.

కురుగోడు సెంటరుకు పోయే రిపోర్టులు ఆగిపోయాయి. ఆ సంగతి మాకు మర్నాడు పొద్దున గానీ తెలియలేదు. రక్తం ఇచ్చినవాళ్ళు వచ్చి కాగితం కోసం కూర్చుని, ఇంకా రాలేదంటే బస్సెక్కి పోయి, మళ్ళీ వచ్చారట. చక్కెర జబ్బున్న ఒక ముసలాయన మూడుసార్లు తిరిగాడని ల్యాబు మేనేజరు ఫోనులో అరిచాడు. మా యజమాని ఫోను చెవికి దూరంగా పట్టుకుని విన్నాడు. అన్న ఆ టేబుల్ తెరిచి, కొత్త దావ రాసి, రిపోర్టులు కదిలేలా చేశాడు. దానికి ఆయనకు నాలుగు నిమిషాలు పట్టింది.

ఆయన రాస్తున్నప్పుడు నేను నా కోడ్ తెరిచాను. పది నిమిషాల్లో కనపడింది. కురుగోడు దావ లేదు. నా కోడ్ బజారు వాకిలిని తెచ్చి దాని మీద పచ్చ టిక్కు పెట్టింది. ఆ క్షణంలో లేచి “తప్పు నాది” అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను లేవలేదు. అడిగిన దావ దొరక్కపోతే లేదనే చెప్పమని రెండు లైన్లు చేర్చాను. మార్పు దేనికో రాయాల్సిన చోట ‘చిన్న శుభ్రత’ అని రాసి భద్రం చేశాను. అంత మామూలుగా రాసేశాను. అది ఇప్పటికీ నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

సాయంత్రం యజమాని అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు. ల్యాబువాళ్ళు పని వదిలేసి పోతామంటున్నారని, ఎవరి మీదైనా చర్య తీసుకుని చూపించాలని చెప్పాడు. “ఐదో టేబుల్ యారప్పా, ఎవరు వదిలేసింది?” అని అడిగాడు. పని చేసినవాళ్ళ పేరు రాసే చోట అన్న పేరుంది. కోడ్ పేరు ఎక్కడా లేదు.

“నేనే సార్. చూసుకోవాల్సింది,” అన్నాడు అన్న.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆయన నా వైపు చూస్తాడేమో, ఈ అమ్మాయి వద్దంది అంటాడేమో అని భయపడుతూ కూర్చున్నాను. ఆయన చూడలేదు. ఒకవేళ అంటే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ‘నేను వద్దన్నా అనుభవమున్న మనిషి చూసుకోవద్దా’ అందామనుకున్నాను. ఆ జవాబు అనాల్సిన అవసరం రాలేదు. రాకపోయినా అది నా నోటి చివరిదాకా వచ్చింది, దాన్ని నేను తుడిచేయలేను. నెలాఖరు నుంచి రావద్దని యజమాని ఆయనకు చెప్పాడు. “వయసైంది, కండ్లు అలిసిపోయుంటాయి,” అని మెత్తగానే అన్నాడు. ఆయన తల ఊపాడు. ఆయన వెళ్ళిన రోజు ఆఫీసులో తాలింపు బొరుగుల ఒగ్గరణి, మిరపకాయ బజ్జీలు తెప్పించారు. నేను తిన్నాను.

ఏడాది గడిచింది. నేను బాగానే ఉన్నాను. జీతం పెరిగింది, నా కోడ్ ఆఫీసుకు ప్రాణమైంది. ఆయన ఎలా ఉన్నాడో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఎవరైనా నిజంగా చెబుతారని భయం. హొసపేట నుంచి కొత్తగా చేరిన ఒకామె, నాకంటే పెద్దది, నా కోడ్ మొత్తం చదివి నా బల్ల దగ్గరికి వచ్చింది. “అన్నీ రెండు రోజుల్లో రాసినావు. ఈ రెండు లైన్లు మాత్రం రెండు నెలలైనాక చేర్చినావు, ‘చిన్న శుభ్రత’ అని. అప్పుడేమయింది?” అని అడిగింది. ఆమెకు ఏ అనుమానమూ లేదు, నేర్చుకుందామని అడిగింది. “ఏం కాలేదు, ముందుజాగ్రత్త,” అన్నాను. అబద్ధం అంత నున్నగా వచ్చేసరికి నా మీద నాకే రోత పుట్టింది. ఆ ఆదివారం పొద్దున రూపనగుడి బస్సెక్కాను.

ఆయన ఇంటి ముందు అరుగు మీద ఎవరిదో బోరు మోటారు స్టార్టరు డబ్బా విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. “ఏమ్మా, ఇంత దూరం వచ్చినావు, రా, కూచో,” అని చాప వేశాడు. ఆయన మొహంలో కోపం వెతికాను. ఏమీ కనబడలేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఆయన భార్య పెద్ద స్టీలు గ్లాసు నిండా మజ్జిగ తెచ్చింది. కొత్తిమీర, అల్లం వేసి చేసింది. నేను ఆఫీసు నుంచి వచ్చానని తెలియగానే ఆమె నా ఎదురుగా, గడపకు ఆనుకుని నిలబడింది.

“మా ఇంటాయన తప్పు చేసి మీకందరికీ చెడ్డపేరు తెచ్చినాడంట గదమ్మా. మనసులో పెట్టుకోవద్దు,” అంది.

నేను మజ్జిగ తాగుతూ ఉండిపోయాను.

“మానుకో, కండ్లు మసకైనాయి అని నేను ఎప్పుటి నుంచో అంటాంటి. బళ్ళారికి పిల్సకపోయి కండ్లు చూపిచ్చినా. డాక్టరు బాగుండాయి అన్న్యాడు. ఐనా నేను నమ్మలేదమ్మా. ఇప్పుడు బస్సు బోర్డు గూడా నేను ఇంకొగరిని అడిగి ఎక్కుతా, ఈయన చెప్తే ఎక్కను. ఆ డబ్బా గూడా విప్పొద్దంటే ఇనడు. ఎవురికన్నా కరెంటు కొడితే ఏం గతి?”

ఆమె నవ్వుతూనే అంది. ఆయన కూడా స్క్రూలను ఒకదాని పక్కన ఒకటి పేరుస్తూ చిన్నగా నవ్వాడు, ఆఫీసులో నేను ఎగతాళి చేసినప్పుడు నవ్వినట్టే. పొయ్యి మీద ఏదో ఉందని ఆమె లోపలికి వెళ్ళింది. జొన్నరొట్టె తడుతున్న చప్పుడు మొదలైంది.

నేను గ్లాసు కింద పెట్టలేదు. అది పట్టుకునే చెప్పాను. “అన్నా, ఆ తప్పు మీది కాదు. నా కోడ్‌లో…”

“తెలుసమ్మా,” అన్నాడు.

“ఎప్పటి నుంచి?”

“ఆ పొద్దుటి నుంచే. నాకు ఇంగ్లీషు తక్కువే గానీ, నువ్వు రాసింది చదివేంత వస్తాది. దావ లేకపోతే బజారు వాకిలి చూపిస్తాండాది. సరే, చిన్నపిల్ల, చూసుకోలేదు అనుకున్న్యా. సాయంత్రం మళ్ళీ చూస్తే రెండు లైన్లు కొత్తవి ఉండాయి. అప్పుడు నీకు గూడా తెలిసిందని తెలిసింది. మీటింగులో నువ్వే చెప్తావని కాసుకోని ఉంటి.”

“మీరే చెప్పి ఉండొచ్చు కదన్నా.”

“చెప్తే ఏమంటారు? ముసలోడు తప్పించుకోను ఆడపిల్ల మీదికి తోస్తాండాడు అంటారు. నెలాఖరు దాకా చూసినా, రేపు చెప్తాది, ఎల్లుండి చెప్తాది అని.” ఒక స్క్రూ జారి చాప మీద పడితే వెతికి తీశాడు. “ఆ కడపటి దినం బజ్జీలు తినేటప్పుడు గూడా చూసినా.”

నాకు ఏడుపొచ్చింది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. అందుకే వచ్చాను, బస్సులో వరసగా మాటలు పేర్చుకుని కూడా వచ్చాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

“నాకెందుకు చెప్తావమ్మా. నాకు తెలిసిందే గదా. తెలీనోళ్ళకు చెప్పు,” అన్నాడు. చెప్పి మళ్ళీ డబ్బా మీదికి వంగాడు. లోపల రొట్టె తడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఈ సంగతి చెప్పనవసరం లేని ఒక్క మనిషినే వెతుక్కుంటూ వచ్చాను. ఆయన దగ్గర ఏడ్చి, ఆయన చేత పోనీలేమ్మా అనిపించుకుని, పన్నెండు గంటల బస్సుకు తేలికైన మనసుతో ఇంటికి పోదామని వచ్చాను. గ్లాసు పట్టుకునే లేచి వంటింట్లోకి వెళ్ళాను.

ఆమె పీట మీద కూర్చుని ఉంది. నేను గుమ్మంలో నిలబడి చెప్పాను. కోడ్ గురించి, టేబుల్ గురించి ఆమెకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. చివరికి, “ఆయన చూసొస్తానంటే నేనే వద్దన్నానమ్మా. కోప్పడ్డాను కూడా. ఆయన కళ్ళకు ఏమీ కాలేదు. తప్పు నాది,” అన్నాను.

ఆమె చేతులు పిండిలో ఆగిపోయాయి. పెనం మీద రొట్టె ఒక పక్క మాడుతోంది. “నీకు ఎప్పుడు తెలిసింది?” అని అడిగింది.

“ఆ రోజే.”

ఆమె పెనం దించింది. చేతులు కొంగుకు తుడుచుకుని, లేచి నా దగ్గరికి వచ్చి, నా చేతిలోంచి గ్లాసు తీసేసుకుంది. అందులో ఇంకా సగం మజ్జిగ ఉంది.